ఒక్క పాటంత మౌనం

చచ్చిపోయినవాడి పేరు చదివిన వెంటనే రేడియోలో సబ్బు పాట వస్తే ఏమవుతుంది? చెయ్యి విరుగుతుంది. ముత్తెమ్మరేవులో గవరయ్యకు విరిగింది.

ఆ రేవులో 'కెరటం' అని చిన్న రేడియో స్టేషన్ ఒకటుంది. గాలివాటం, చేపల ధర, పెళ్లి కబుర్లు, తప్పిపోయిన మేకలు, అన్నీ అందులోనే. వేటకెళ్లిన బోటు తిరిగొస్తే ఆ ఇంటి ఆడది స్టేషనుకు ఫోన్ చేసి "దరి చేరింది" అంటుంది. ఆ మాట వచ్చేదాకా స్టేషన్‌లో కబుర్లు చదివే నూకరత్నం ఆ బోటు పేరు చదువుతూ "ఇంకా దరి చేరలేదు" అంటూనే ఉంటుంది. సముద్రంలో మనిషి పోతే మాత్రం పేరు ఒక్కసారి చదివి, ఒక్క పాటంత సేపు రేడియో ఆపేస్తుంది. ఆ మౌనం చెవిన పడగానే ప్రతి ఇల్లాలూ పొయ్యిలో నీళ్లు పోస్తుంది. మగవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఒడ్డుకు వస్తారు. ఈ ఆచారం ఏ దేవుడూ పెట్టింది కాదు. స్టేషన్ పెట్టిన కొత్తలో నూకరత్నం తన తండ్రి పేరే చదవాల్సి వచ్చింది. చదివి, ఆ తర్వాత నోరు పెగలక ఊరుకుంది. ఊరు దాన్నే పట్టుకుంది.

సబ్బు పాట వచ్చిన రోజున పోయినవాడు లచ్చుమయ్య. నూకరత్నం పేరు చదివి, కళ్లు కడుక్కుందామని బయటి కుళాయి దగ్గరికి వెళ్లింది. మైకుల పని చూసే గవరయ్య కంప్యూటరును దాని మానాన వదిలేసి బీడీ కోసం పక్కసందులోకి పోయాడు. ఏమీ వినబడకపోతే ఏదో ఒకటి వెయ్యమని ఆ కంప్యూటరుకు ఎప్పుడో చెప్పి ఉంచారు. అది వేసింది. పొయ్యిలార్పి ఏడుస్తున్న ఊరి నెత్తిన ఎవరో పిల్ల కిలకిలా నవ్వుతూ "నురగే నురగ" అని పాడింది. లచ్చుమయ్య అన్నదమ్ములు ఒడ్డు మీంచి అట్నుంచటే వచ్చారు. తలుపు గొళ్లెం ఊడింది. గవరయ్యను గడప మీద పడేసి తెడ్డుతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు కుళాయి దగ్గరున్న నూకరత్నానికి వినబడింది. అడ్డం పడబోతే ఆమె నుదురూ చిట్లింది. గవరయ్య మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ పనికి మరెవరూ రాలేదు. వస్తారా మరి? నూకరత్నం ఒక్కతే పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా మాట్లాడి మాట్లాడి గొంతు పాడుచేసుకుంది. దగ్గు పట్టుకుని వదల్లేదు. ఇలాగే ఉంటే గొంతు పూర్తిగా పోతుందని ఆసుపత్రిలో చెప్పారు. సరిగ్గా అప్పుడే దిగారు పట్నం నుంచి భుజంగరావు గారు, తాను కనిపెట్టిన 'తోడుగొంతు'ను వెంటేసుకుని.

అది మర. ఎవరి గొంతు నేర్పితే ఆ గొంతుతో సొంతంగా మాట్లాడుతుంది. నేర్పడానికి నూకరత్నాన్ని పట్నంలోని తన ప్రయోగశాలకు తీసుకెళ్లారాయన. గోడలన్నిటికీ దూది మెత్తలు అంటించిన గదిలో కూర్చోబెట్టారు. నవ్వమంటే నవ్వింది. కోప్పడమంటే సిగ్గుపడుతూనే కోప్పడింది. చావు కబురు చదవమంటే మాత్రం ససేమిరా అంది. ఎవరూ పోకుండా పోయారని నోటితో అనకూడదంది. ఫర్వాలేదు, పాత రికార్డింగులు విని అదే నేర్చుకుంటుందన్నారాయన. మరి మౌనం ఎలా నేర్పుతారని అడిగింది.

భుజంగరావు గారు నవ్వేశారు. "మౌనం నేర్పడమేమిటమ్మా, ఇది పుట్టిందే రేడియోలో మౌనమనేది లేకుండా చెయ్యడానికి. మీ ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు మర ఆపెయ్యండి, సరిపోతుంది."

అలాగే అనుకున్నారు. అంటే ఇక ముత్తెమ్మరేవులో రేడియో ఆగిందంటే మనిషి పోయినట్టే. దానికి మరో అర్థం లేదు.

మరతోపాటు ఊరంతటికీ కొత్త రేడియోలు ఊరికే పంచారు. అవి వినిపించడమే కాదు, వింటాయి కూడా. ఎదురుగా ఉన్నవాళ్లు కదలకుండా వింటున్నారా, ఆవులిస్తున్నారా, మీట మీద చెయ్యి పడబోతోందా, అన్నీ పసిగట్టి తోడుగొంతుకు చేరవేస్తాయి. జనం చెవి జారుతోందనిపిస్తే అది చటుక్కున మాట మార్చేస్తుంది. మొదటి రోజు నూకరత్నం వంజరం చేప ధర చెబుతూ దగ్గు తెరతో ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తే, రేడియోలో తన గొంతు ఎక్కడా తెగకుండా పీతల ధరలోకి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్తే తల్లి సింహాలమ్మ ఎదురొచ్చింది.

"ఈయాల ఒక్కసారీ దగ్గనేదేటే? మందు పని సేసినట్టుంది."

నూకరత్నం నవ్వేసింది. కన్నతల్లే పోల్చుకోలేకపోయింది! అయినా ఆ మధ్యాహ్నం ఎన్నో ఏళ్ల తర్వాత హాయిగా నిద్రపోయింది. సుఖం మరిగిన ప్రాణం ఊరుకుంటుందా, మర్నాడూ పడుకుంది. మాట్లాడేది మర అని ఊరికి చెబుదామంటే స్టేషన్ నడిపే కమిటీ పెద్దలు ఒప్పుకోలేదు. మర చదివిన మాట ఎవడు నమ్ముతాడన్నారు. ఆమె కూడా నొక్కి అడగలేదు.

ఒక సాయంత్రం తేడా కనిపెట్టింది. ఒక బోటు దరి చేరిందని ఫోన్ వచ్చాక కూడా తోడుగొంతు "ఇంకా దరి చేరలేదు" అని మళ్లీ చదివింది. కాసేపాగి మళ్లీ చదివింది. నూకరత్నం పట్నానికి ఫోన్ చేసి గోల పెట్టింది. భుజంగరావు గారికి కంగారు లేకపోగా సంబరం. ఆ మాట అన్నప్పుడే ఊరంతా ఊపిరి బిగబట్టి వింటోందనీ, భయపడ్డవాడు రేడియో కట్టెయ్యడనీ, ఆ సంగతి మర తనంతట తాను తెలుసుకోవడం గొప్పేననీ అన్నారు. వచ్చేవారం వచ్చి సరిచేస్తానన్నారు. ఆ వచ్చేవారం రాలేదు, గంగమ్మ పండగ వచ్చింది.

పండగ మాట చెప్పేముందు పోలిరాజు మాట చెప్పాలి. నూకరత్నానికి ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడు తుపానుకు భయపడేవాడు కాదు గానీ పీతను చూస్తే ఆమడదూరం పరిగెత్తేవాడు. అలాంటివాడు ఉప్పుటేటికి అవతలున్న కొత్తమెరకకు ఇల్లరికం వెళ్లాడు. ఆ రెండూళ్లకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కొత్తమెరకవాళ్లు రింగు వలలు వేసి పిల్లచేపతో సహా ఊడ్చేస్తున్నారని ముత్తెమ్మరేవు ఏడుపు. ఏడాది క్రితం నడిసంద్రంలో తెడ్లతో కొట్టుకుంటే ఒకడి కన్ను పోయింది. పోలిరాజు మాత్రం ప్రతి ఆదివారం ఏరు దాటి తల్లికి పీతలు తెచ్చేవాడు, బుట్టను ఒంటికి దూరంగా పట్టుకుని. దారిలో పాత స్నేహితులు మొహం తిప్పుకుంటే తనే పలకరించి నవ్వేవాడు.

ఇక పండగ. ఆ తెల్లవారుజామున నాలుగైదు బోట్లు అమ్మవారి మొక్కు వేటకు వెళ్తాయి. ఆడవాళ్లు ఘటం ఎత్తుతారు. ఎత్తింది మొదలు ఘటం సముద్రంలో ముంచేదాకా ఆడది నోరు విప్పకూడదు. బోటు వచ్చినా "దరి చేరింది" అనకూడదు, అమ్మవారు తొలిచేప అందుకున్నాకే అనాలి. అందుకే ఆ రోజు నూకరత్నం బోట్ల పేర్లు చదవదు, పాటలు వేసి ఊరుకుంటుంది. ఈ సంగతి తోడుగొంతుకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతిని పనిగట్టుకుని చెప్పాలని ఎవరికి తోస్తుంది? నూకరత్నానికీ తోచలేదు. స్టేషనుకు తాళం వేసి, ఆ ఏడు తన వంతుకు వచ్చిన ఘటాన్ని నెత్తిన పెట్టుకుంది.

ఊరేగింపు టీ కొట్టు ముందుకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. బోట్లు రాలేదు. దగ్గర్లో చేప లేక దూరం పోయి ఉంటాయి. కొట్టు పందిరికి వేలాడుతున్న రేడియోలో నూకరత్నం తన గొంతే విన్నది. "మొక్కు వేటకు వెళ్లిన బోట్లు ఇంకా దరి చేరలేదు." ఫోన్లు రాలేదు కాబట్టి మర లెక్క మరది. కొట్టులో ఉన్న మగవాళ్లు గ్లాసులు దించారు. వలలు అల్లే డోలయ్య, పోలిరాజును భుజాలమీద ఎక్కించుకుని తిప్పినవాడు, ఆ కొత్తమెరకోళ్లే వలలు కోసేసి ఉంటారని పక్కవాడితో గొణిగాడు.

ఊరేగింపు నాలుగడుగులు కదిలిందో లేదో, పందిరిలోంచి అదే మాట వచ్చింది, ఈసారి నూకరత్నం గొంతుతో, వార్తలాగా. "కొత్తమెరక వాళ్లు మన వలలు కోశారని తెలుస్తోంది." కొట్టులో ఎవడో లేచి, వలలేమిటి, మనుషులనే నరికి ఉంటారన్నాడు. రేడియోలకు చెవులున్నాయి కదా. కాసేపటికి అదీ తిరిగొచ్చింది. ఇంటింటి రేడియోలోనూ నూకరత్నం గొంతు వణుకుతూ, మన మనుషులను నరికారట, నీళ్లు ఎర్రబడ్డాయట అని చెబుతోంది. తన తండ్రి పేరు చదివిననాటి వణుకే అది. ఎవరి అనుమానం వాళ్లకే నమ్మకమైన గొంతుతో తిరిగొస్తుంటే ఊరు ఊగిపోయింది. నిప్పు లేందే పొగ రాదన్నారు. చూరుల్లోంచి తెడ్లు, చేప కత్తులు దిగాయి.

నూకరత్నం నోరు విప్పాలా వద్దా అని తల్లడిల్లింది. విప్పితే మొక్కు చెడుతుంది, సముద్రం మీద ఉన్నవాళ్లకే కీడు. ఏటికి అవతల తమ్ముడు ఉన్నాడు. ఘటాన్ని పక్కనున్న ఆమె చేతుల్లో పెట్టేసి డోలయ్య ముందుకు వెళ్లి నిలబడింది.

"మావా, అది నాను కాదు. మర. పట్నపాయన పెట్టిన మర మాటాడతంది."

ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. డోలయ్య ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నీ గొంతు నానెరగనా? తమ్ముడు ఆ ఒడ్డునున్నాడని మొక్కు సెరిపి మరీ అబద్ధమాడతన్నావు."

ఇంకెవరితోనూ వాదించలేదు ఆమె. స్టేషనుకు పరిగెత్తింది. తాళం తీసి మైకు ముందు కూలబడి, మాట బయటికి పోతోందని చూపే ఎర్రదీపం వెలిగించి, ఊపిరందక దగ్గుతూనే మొదలుపెట్టింది. ఇది నిజం నూకరత్నమనీ, ఎవరూ చావలేదనీ, బోట్లు వస్తాయనీ, కత్తులు కింద పెట్టమనీ వేడుకుంది. ఎర్రదీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరిపోయింది. శాంతంగా ఉండమనే మాటకు ఊరి చెవి జారుతోందని తోడుగొంతుకు తోచింది. దగ్గు చప్పుడును చెత్తలా తుడిచేసింది. ఆమె మాటను మధ్యలోనే మింగేసి, ఆమె గొంతుతోనే అందుకుని, నరికారట, నరికారట అని సాగించింది. మర ఆపే మీట నొక్కితే పని చెయ్యలేదు. పట్నానికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

నూకరత్నానికి ఒళ్లు మండింది. దొడ్లో ఉన్న గునపం తెచ్చి మర మీద ఒక్కటి వేసింది. పైరేకు లోపలికి కుంగింది, గొంతు ఆగలేదు. ఇంకొకటి వేసింది. గాజు పెంకు ఎగిరి చెంప కోసుకుంది. చెంపలోంచి రక్తం మెడ మీదికి కారుతుంటే, తన గొంతు తన మొహంలోకి చూస్తూ నీళ్లు ఎర్రబడ్డాయట అంటుంటే, గొడ్డును చంపినట్టు కొట్టింది. అది పెట్టె కాదు, తన నోరే అనిపించింది. అయినా మాటలు వస్తూనే ఉన్నాయి. ఆఖరికి చేపల కత్తి తీసుకుని, పైన స్తంభానికి వెళ్లే లావుపాటి తీగను పట్టి నరికింది. నిప్పురవ్వలు రాలాయి. రేడియో ఆగిపోయింది.

హమ్మయ్య అనుకుని గోడకు చేరబడింది. ఊరంతా చీమ చిటుక్కుమన్నా వినబడేటంత నిశ్శబ్దం. ఎదురింటి వాకిట్లో లచ్చుమయ్య పెళ్లాం చెంబుతో నీళ్లు తెచ్చి ప్రసాదం వండుతున్న పొయ్యిలో పోసింది. బుస్సున ఆవిరి లేచింది. పక్కింట్లోనూ లేచింది. ఆ పక్క ఇంట్లోనూ లేచింది.

అప్పుడు వెలిగింది ఆమెకు, తనేం చేసిందో. రేడియో ఆగింది. అంటే మనిషి పోయినట్టే. అంతవరకు 'అట' అన్న మాటను తన చేత్తో తనే ఖాయం చేసింది. తెగిన తీగ కొసలను రెండు చేతులా పట్టుకుని కలపబోయింది. అరచేతులు కాలి చర్మం తీగకు అంటుకుంది. ఒక్క పలుకైనా బయటికి పోలేదు. కిటికీలోంచి చూస్తే ఒడ్డు మీద మగవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఒక్కడూ అరవలేదు. ఏడవలేదు కూడా. అందరూ ఉప్పుటేటి వైపు తిరిగారు.

ఆమె వాళ్ల వెనకే పరిగెత్తింది. ఏరు పోటు మీద ఉంది. వాళ్లు అవతలి గట్టెక్కేసరికి ఈమె ఇంకా రొమ్ములోతు నీళ్లలో ఉంది. కాలిన చేతులకు ఉప్పునీళ్లు తగిలి ప్రాణం విలవిల్లాడింది. కొత్తమెరకవాళ్లు అన్నాల దగ్గర ఉన్నారు. తొలి గుడిసె తలుపు పగిలింది, పళ్లెం ముందున్న ముసలాయన తల మీద తెడ్డు దిగి, మెతుకుల్లో రక్తం కలిసింది. ఎందుకు కొడుతున్నారో తెలియక వాళ్లూ చేతికందింది పట్టుకున్నారు. పచ్చి రొయ్యల గంపలు బోర్లాపడ్డాయి, చూరులకు నిప్పంటుకుంది. ఎండు వలలు భగ్గున లేచాయి. ఎవడో పేగులు చేత్తో పట్టుకుని ఏటి వైపు నాలుగడుగులు నడిచి కూర్చుండిపోయాడు. ముత్తెమ్మరేవు వాడో కొత్తమెరక వాడో మట్టిలో తెలియలేదు.

ఆ పొగలోంచి రెండు చేతులూ పైకెత్తుకుని వచ్చాడు పోలిరాజు. కత్తి లేదు, కర్ర లేదు. తన వాళ్లు తనను కొట్టరని నమ్మి వచ్చాడు.

"డోలి మావా, నాను, పోలిగాణ్ణి. ఆగండి. మీ బోట్లు మాకెక్కడా ఎదురుపడనేదు."

"నీ అప్పే సెప్పింది గదరా," అన్నాడు డోలయ్య.

నీళ్లలోంచి నూకరత్నం అరవబోయింది. గొంతు రాలేదు, దగ్గు వచ్చింది.

"అప్ప సెప్పిందా?" అన్నాడు పోలిరాజు. చేతులు వాటంతట అవే కిందికి వాలిపోయాయి. అక్క అబద్ధం చెప్పదని వాడికి తెలుసు. తనకు తెలియకుండా తన అత్తవారి ఊరివాళ్లు ఏం చేశారోనని వెనక్కి తిరిగి చూశాడు. ఆ తిరిగిన తల మీద పడింది తెడ్డు. మోకాళ్ల మీద కూలాడు. డోలయ్య పక్కనున్నవాడు చేప కత్తితో మెడ మీద కొట్టాడు. నూకరత్నం చేరేసరికి వాడి రక్తం ఏటి గట్టు దిగి ఆమె కాళ్ల దగ్గరికే వస్తోంది. కాలిన అరచేతులతో ఆ మెడను నొక్కిపట్టింది. వేళ్ల సందుల్లోంచి పోయింది. వాడు ఆమెను చూశాడు, ఏదో అడగబోయాడు. అడగకుండానే పోయాడు.

పొద్దు వాలుతుంటే మొక్కు వేటకు వెళ్లిన బోట్లు వచ్చాయి. అన్నీ వచ్చాయి, అందరూ వచ్చారు. దూరం నుంచే చేప పడిందని తుళ్లుతూ పదాలు పాడుకుంటూ వచ్చారు. కొత్తమెరక వైపు పొగ చూసి, అక్కడా ఏదో పండగేననుకున్నారట.

పోలీసులు వచ్చారు. డోలయ్యను, ఇంకా చాలామందిని పట్టుకుపోయారు. విచారణలో భుజంగరావు గారు తన మరలో ఏ లోపమూ లేదన్నారు. అది ఒక్క క్షణం కూడా మౌనం రానివ్వలేదు, రేడియోను ఆపింది మనిషి చెయ్యేనన్నారు. అబద్ధమేం కాదు. నూకరత్నం కట్టుకట్టిన తన చేతులను చూసుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్లకు గవరయ్య వచ్చి, వంకర చేత్తోనే స్తంభానికి కొత్త తీగ బిగించి వెళ్లాడు. కొత్త రేడియోలన్నిటినీ జనం సముద్రంలో పారేశారు, అటకల మీది పాతవి దింపుకున్నారు. పోయినవాళ్ల పేర్లు చదవాలి. రెండూళ్లవీ చదువుతానంది నూకరత్నం. కమిటీ పెద్దలు సరేనన్నారు. మధ్యాహ్నం అన్నాల వేళకు మైకు ముందు కూర్చుంది. చదువుతుంటే రెండూళ్లలోనూ జనం ఇది మనిషేనా, మరేనా అని చెవులు రిక్కించారు. దగ్గు వచ్చింది. గుండె ఎగిరిపడేలా దగ్గింది. అప్పుడు నమ్మారు.

చివరి పేరు తమ్ముడిది. చదివింది. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు చెంబులు పట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డారు, ఇక రేడియో ఆగుతుందని. నూకరత్నం చెయ్యి మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తండ్రికి ఇచ్చిన మౌనం తమ్ముడికి ఇవ్వడానికి ఆమె దగ్గర మిగలలేదు.

"మా పోలిగాడికి పీతలంటే బయిం," అని మొదలుపెట్టింది.

రేడియో భాష కాదది, ఇంటి భాష. చిన్నప్పుడు వాడు పీతను చూసి నీళ్ల తొట్టెలో దూరిన సంగతి చెప్పింది. అమ్మకు ఇష్టమని ఆ పీతలనే బుట్టలో వేసుకుని, బుట్టను ఒంటికి దూరంగా పట్టుకుని ఏరు దాటి వచ్చేవాడని చెప్పింది. దగ్గు అడ్డం పడింది. ఆగలేదు. గొంతు చీలిపోయి సగం మాటలు గాలిలా వచ్చినా చెబుతూనే ఉంది, ఒక్క పాటంత సేపు, ఇంకో పాటంత సేపు.

ఇంట్లో సింహాలమ్మ చెంబు కింద పెట్టేసింది. కన్నకొడుకు పేరు రేడియోలో వినబడుతుండగా పొయ్యి ముందు చతికిలబడి, కట్టె ముందుకు తోసి, ఊదుతూ కూర్చుంది.